కాటుకకి మాగేసిన గడ్డి

మొన్న సాయంత్రం కాళ్లు సాగుతాయని మా వీధిలో అటు చివరిదాకా నడిచాను. అక్కడ గేదెలు పెట్టుకుని పాలు పోసుకునే ఒక కుర్ర జంట ఉన్నారు. వాళ్ల పాక ముందుకి వచ్చేసరికి ముక్కు అదిరిపోయి కళ్లమ్మట నీళ్లు కారాయి. పశువుల డాక్టరమ్మ దగ్గరుండి గడ్డి మీద కప్పిన ప్లాస్టిక్ పట్టా తీయిస్తోంది. చుట్టూ ఉన్నవాళ్లు ముక్కులకి తువాళ్లు అడ్డం పెట్టుకున్నారు. "మామ్మగారూ, కాస్త అవతలికి వెళ్లండి, ఘాటు తగ్గాక వద్దురుగాని" అంది డాక్టరమ్మ. "నాకు అలవాటేనమ్మా, యూరియా వేసి మాగేసిన గడ్డేగా" అన్నాను. ఆవిడ నావంక వింతగా చూసింది. ఇదేదో కొత్త పద్ధతని అందరికీ చెబుతూ ఉన్నట్టుంది పాపం. నేను అక్కడే అరుగు మీద చతికిలబడి ఆ ఘాటు పీలుస్తూ కూర్చున్నాను. ఆ వాసన నన్ను నా కాపరం మొదటి రోజుల్లోకి తీసుకెళ్లి దింపింది.

నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. పుట్టింట్లో నా చదువంతా పాకలోనే సాగింది. నిడదవోలు అవతల మా అత్తగారి ఊరికి కాపరానికి వచ్చిన ఏడాదే మా నాన్న చూడి మీదున్న గేదె పెయ్యని తోలుకొచ్చి వాళ్ల పాకలో కట్టి వెళ్లాడు. ఆడపిల్లకి అరణంగా పెయ్యనివ్వడం మా వైపు ఆనవాయితీ. దాని తల్లి ఈనిన పూట పురిటి మాయ తీసి, ఒళ్లు తుడిచి, నోట్లో జున్నుపాలు పోసి పెంచింది నేనే. ఒళ్లంతా నున్నగా, నల్లగా నిగనిగలాడేది. కాటుక అని పేరు పెట్టుకున్నాను. కొత్త ఊళ్లో, కొత్త ఇంట్లో, నా గొంతు వినగానే చెవులు రిక్కించే ప్రాణి అదొక్కతే. మా ఆయన మంచివాడే గాని, తండ్రి ఎదుట నిలబడి మాట్లాడే అలవాటు ఆయనకీ లేదు. ఇంక నాకెక్కడిది. ఆ ఇంట్లో నేను తలూపడమే గాని నోరు విప్పడం తక్కువ.

మా అత్తగారు చీకటితోనే లేచేవారు. ముందు వాకిట్లో కళ్లాపి చల్లడం. పేడనీళ్ల బకెట్టు చంకన పెట్టుకుని చేత్తో ఆవిడ చల్లుతుంటే వాకిలంతా ఒకే తీరున, వాన చినుకు పడ్డట్టు ఉండేది. ఎక్కడా మడుగు కట్టేది కాదు, ఎక్కడా పొడి మిగిలేది కాదు. ఆ తర్వాత స్నానం చేసి తరవాణి కుండ దగ్గరికి వెళ్లేవారు. ఇప్పటి పిల్లలకి తరవాణి అంటే చెప్పాలి. గంజీ, బియ్యం కడుగూ కుండలో పోసి, నాలుగు మెతుకులు వేసి, నిమ్మాకులు పడేసి పులియబెట్టిన నీళ్లు. రాత్రి అన్నాన్ని అందులో నానేసి పొద్దున్నే ఉప్పూ ఉల్లిపాయతో తిని మగవాళ్లు చేలోకి వెళ్లేవారు. కడుపు చల్లగా ఉండేది. ఆ కుండ వంటింటి మూల తడి ఇసక మీద కూర్చుని ఉండేది. ఎంత తీసినా అడుగున కొంత ఉంచి మళ్లీ పోయడమే తప్ప, ఖాళీ చేయడమన్నది లేదు. ఆవిడ అత్తగారి నాటి పులుపు అందులో ఉందని చెప్పుకునేవారు. స్నానం చేయకుండా దాని దరిదాపులకి వెళితే ఊరుకునేవారు కాదు. స్నానం చేసి వెళ్లినా నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు. "నీ చెయ్యి ఇంకా కొత్తే అమ్మాయ్, అది గుర్తుపట్టదు" అనేవారు.

పాక పక్కన నేలలో పాతిన పెద్ద సిమెంటు గోలెం ఉండేది. అది కుడితి గోలెం. మా ఇంటి కడుగూ గంజీ కూరతొక్కులే కాక, గొడ్డూగోదా లేని నాలుగిళ్ల కుడితి కూడా అందులోకే వచ్చేది. వాళ్లు కుడితి పోస్తే మా ఇంటినుంచి మజ్జిగ వెళ్లేది. ఎవరూ ఎవరినీ అడగక్కర్లేని ఏర్పాటు. అందులో ముఖ్యంగా పక్కింటి మార్తమ్మ గారు. ఆవిడ భర్త బడిలో మేష్టారు. ఆదివారం చర్చికి వెళ్లేముందు కూడా డబ్బాతో కుడితి తెచ్చి పోసి వెళ్లే మనిషి. ఆ డబ్బా గోలెం అంచుకి తగిలిన చప్పుడు వింటే చాలు, కాటుక ఎక్కడున్నా మెడ సాచేది.

ఆ ఏడు సార్వా కోతల మీద, అదే వానాకాలం పంట మీద, తుఫాను పడింది. గింజ ఏదో కొంత దక్కింది గాని, గడ్డి చేలోనే కుళ్లిపోయింది. వేసవికి రెండో పంట దాళ్వా గడ్డే దిక్కయింది. పుల్లలు పుల్లలుగా, సారం లేకుండా, గొడ్డు నోట పెట్టుకుని వదిలేసే గడ్డి. కాలవలకి నీళ్లు కట్టేశారు, గట్ల మీద పచ్చిక మాడిపోయింది. తవుడు ఉన్నంతలో ఎడ్లకే వెళ్లేది. రేపు ఏరువాకకి దున్నాల్సినవి అవే కదా. కాటుక అప్పటికి తొలి ఈత ఈని, పెయ్యకి తల్లయింది. చూస్తుండగానే డొక్కలు లోపలికి పోయాయి, తుంటి ఎముకలు పైకి పొడుచుకొచ్చాయి. పూటకి చెంబుడు పాలు కూడా రావడం కష్టమైపోయింది. ఒకరోజు నేను వెనకింట్లో చల్ల చేస్తుండగా మావయ్యగారు వాకిట్లో గేదెల బేరగాడితో మాట్లాడడం వినబడింది. "మేత చాలట్లేదయ్యా. ఏరువాకలోపు ఒకసారి రా, గేదెని సంతకి తోలుకుపోదువుగాని" అంటున్నారు. నా చేతిలో కవ్వం ఆగిపోయింది. ఆయన తప్పుగా ఏం అనలేదు. మేత లేని గొడ్డుని కట్టుకుని ఏం చేస్తారు. కానీ అది మా నాన్న తోలుకొచ్చిన గొడ్డు, నేను పెంచిన గొడ్డు. అమ్ముదామా అని నన్ను ఒక్క మాట అడగాలని ఎవరికీ తోచలేదు. అడిగినా చెప్పగలిగేదాన్నో లేదో. ఆ పూట దాని మెడ నిమురుతూ పాకలో కూర్చుండిపోయాను.

బేరగాడు వచ్చి వెళ్లిన కొన్నాళ్లకే, ఊళ్లో పశువుల డాక్టరు గారు రైతులని పిలిచి గడ్డికి యూరియా పట్టించడం గురించి చెప్పారు. మావయ్యగారు విని వచ్చి భోజనం దగ్గర ఆ మాట ఎత్తారు.

"పుల్లగడ్డి కూడా మెత్తబడుతుందిట. బలం వస్తుందిట. చేసి చూద్దాం" అన్నారు.

అత్తగారి చేతిలో గరిటె గాల్లోనే ఉండిపోయింది. "చేలో చల్లే యూరియా గొడ్డు నోట్లో పెడతారా? మతుండే మాట్లాడుతున్నారా? పోయినేడు అవతల వీధిలో చిరిగిన బస్తా నాకి గేదె చచ్చిపోలేదూ?"

"అది యూరియా నాకింది. ఇది గడ్డికి పట్టించి మూడు వారాలు ఊపిరాడకుండా మూసేస్తారు. అందులో ఉన్నదంతా గడ్డిలోకి దిగిపోతుంది. మిగిలింది ఘాటై గాల్లో కలిసిపోతుంది. డాక్టరు గారే చెప్పారు."

"డాక్టరు గారికేం, ఆయన గేదె కాదుగా."

"మన గేదైనా ఎన్నాళ్లుంటుంది? తిని తేరుకుంటే ఉంచుదాం. లేదంటే ఎటూ సంతకే."

ఆ ఆఖరి మాట నా చెవిన పడ్డాక ఇంక నాకు యూరియా భయం పోయింది. కాటుక ఇంట్లో ఉండాలంటే ఆ గడ్డి మాగాలి. అది తినాలి. అంతే నాకు తెలిసింది.

మర్నాడు డాక్టరు గారే దగ్గరుండి చేయించారు. బక్కగా, అద్దాలు పెట్టుకుని, మాటకి ముందు "అంటే" అనే కుర్రాయన. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా, నీళ్లలో పూర్తిగా కరగాలి, గడ్డి వరసకీ వరసకీ సమంగా తడవాలి, తొక్కి గాలి లేకుండా చేయాలి, ఇదీ ఆయన పాఠం. అన్ని నీళ్లు కలపడానికి ఇంట్లో అంత పెద్దది ఇంకేం ఉంది, కుడితి గోలెం తప్ప. దాన్నే కడిగి అందులో కలిపారు. పాక మూల పాత బస్తాలు కుట్టిన పట్టా పరిచి గడ్డి ఒక వరస వేశారు. మా ఆయన బకెట్టుతో నీళ్లు తెచ్చి ఒక్క ఊపున గుమ్మరించారు. ఒకచోట మడుగు కట్టింది, పక్కన గడ్డి పొడిగానే ఉంది. "అంటే, అలా కాదండి, ఒకేచోట పడితే ప్రమాదం" అన్నారు డాక్టరు గారు. రెండోసారి మావయ్యగారు పోశారు. అదీ అంతే.

అప్పటిదాకా గుమ్మంలో మూతి ముడుచుకుని నిలబడ్డ మా అత్తగారు ఇంక ఉండబట్టలేక దిగి వచ్చారు. "ఇవతలికివ్వండి. ఒక్కనాడైనా వాకిలి చల్లుంటే తెలిసేది" అని బకెట్టు లాక్కుని చంకన పెట్టుకున్నారు. కొంగు బిగించి, కళ్లాపి చల్లినట్టే చల్లారు. ఒక్క పరక పొడిగా లేదు, ఒక్కచోట నీరు నిలవలేదు. డాక్టరు గారు అద్దాలు పైకి తోసుకుని, "అమ్మగారూ, మిమ్మల్ని ఊరూరూ తిప్పి చూపించాలండి" అన్నారు. "ముందు నా గేదెని బతకనివ్వు నాయనా, తర్వాత తిప్పుదువుగాని" అన్నారావిడ చల్లడం ఆపకుండానే. వరస వేయడం, చల్లడం, ఎక్కి తొక్కడం. నేనూ మా ఆయనా తొక్కాం. కొత్త కోడల్ని, అందరిముందూ గడ్డి మీద గంతులేయడం సిగ్గుగానే ఉంది గాని, కాటుక కోసమని తొక్కాను. పైన పట్టా కప్పి, అంచులకి బురద మెత్తి, బరువులు పెట్టాం. అందరం చెమటలు కక్కుతూ నూతి దగ్గరికి వెళ్లిపోయాం. డాక్టరు గారు ఆ పక్క వీధిలో ఎవరి ఎద్దుకో సూది వెయ్యాలని వెళ్లారు.

గోలెం నేలలో పాతింది, వంచడానికి కుదరదు. అడుగున మిగిలిన యూరియా నీళ్లు అలాగే ఉండిపోయాయి. స్నానాలయ్యాక తోడి కొబ్బరిచెట్లకి పోద్దామనుకున్నారు. పచ్చి యూరియా నీళ్లకి రంగుండదు, వాసనా ఉండదు. మార్తమ్మ గారు రోజూలాగే డబ్బాతో వచ్చి, గోలెంలో ఉన్నవి మామూలు నీళ్లే అనుకుని, కుడితి పోసి, రోజూలాగే "వదినా, పోశాను" అని కేకేసి వెళ్లారు. చల్లే గొడవలో పడి ఆ పూట కాటుకకి పలుపు బిగించింది ఎవరో, ముడి సరిగా పడలేదు. డబ్బా చప్పుడు విన్నది విన్నట్టే అది వచ్చి గోలెంలో మూతి పెట్టింది.

ముందు చూసింది మా అత్తగారే. తడిచీరతో అలాగే పరుగెత్తి, కొమ్ము పట్టుకుని వెనక్కి గుంజారు. అప్పటికే కొంత తాగేసింది. ఎంత తాగిందో ఎవరికి తెలుసు. కాసేపటికే దాని చర్మం అక్కడక్కడ అదరడం మొదలైంది. నోట్లోంచి నురగ. ఎడమ డొక్క ఉబ్బిపోతోంది. ముందుకాళ్లు తొట్రుపడి, మూలిగి, కూలబడింది. మా ఆయన డాక్టరు గారి కోసం పరుగెత్తారు. మార్తమ్మ గారు వచ్చి చూసి నేల మీద కూలబడిపోయారు. "ప్రభువా, నా చేతులతోనే పోశానే, నా చేతులతోనే" అంటున్నారు. అత్తగారు కాటుక తలని ఒళ్లో పెట్టుకునే, "నువ్వేం చేస్తావు వదినా, నీకెవరు చెప్పారు గనక. ఏడుపాపి నీళ్లు తోడు, చల్లటి నీళ్లు" అన్నారు.

డాక్టరు గారు వస్తూనే డొక్క మీద తట్టి చూశారు. ఆయన మొహం మారిపోయింది. "వెనిగర్ ఉందా అండి?"

"అదేంటండి?" అన్నారు మావయ్యగారు.

"అంటే, పుల్లటిదండి. బాగా పులిసినది ఏదైనా. కడుపులో ఘాటుని పులుపే విరగ్గొట్టాలి. చాలా కావాలి, ఇప్పుడే కావాలి."

మా అత్తగారు లేచి లోపలికి వెళ్లారు. ఆ తడిచీరతోనే, పాకలో అంటిన పేడచేతులతోనే. ఆ చేతులతోనే తరవాణి కుండని రెండు చేతులా ఎత్తుకుని తెచ్చి పాకలో దింపారు. డాక్టరు గారు వంగి వాసన చూశారు. ఆ పులుపుకి ఆయనకే కళ్లు మూతపడ్డాయి. "ఇది పనికొస్తుందని హామీ ఇవ్వలేను గాని, ఇంతకంటే పుల్లటిది దొరికే వ్యవధి లేదు. పొయ్యండి" అన్నారు. వెదురు గొట్టంతో మావయ్యగారు పోస్తుంటే, నేను కాటుక నోరు పట్టుకుని, "మింగమ్మా, మింగు తల్లీ" అంటూనే ఉన్నాను. కుండ అడుగు కనిపించింది. మార్తమ్మ గారు వీధిలో ఇంటింటికీ వెళ్లి ఎవరి తరవాణి వాళ్ల దగ్గర అడిగి చెంబులతో, బిందెలతో తెచ్చారు. మేష్టారి భార్య బిందె పట్టుకుని వీధిలో పరుగెత్తడం ఆ ఊరు అంతకుముందు చూడలేదు. తరవాణి తర్వాత చల్లటి నీళ్లు, మళ్లీ తరవాణి. డాక్టరు గారు సూది వేసి, డొక్క మీద రెండు చేతులా మర్దన చేస్తూ కూర్చున్నారు. ఆయన చొక్కా అంతా నురగే.

పొద్దు వాలుతుండగా కాటుక పెద్దగా ఒక త్రేన్పు తీసింది. పాకంతా పులుపు కొట్టింది. తర్వాత ఇంకోటి. డొక్క కొంచెం కొంచెంగా దిగింది. అదురు తగ్గింది. మోకాళ్ల మీద లేచి, తూలి, మళ్లీ లేచి నిలబడింది. డాక్టరు గారు మాత్రం, "అంటే, నెమరేస్తే గాని చెప్పలేం" అని దాని మూతివంకే చూస్తున్నారు. మేమందరం అలాగే చూస్తున్నాం. దీపాలు పెట్టే వేళకి దాని దవడ ఒకసారి పక్కకి కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది. గొంతులోకి ముద్ద ఎక్కడం కనిపించింది. కళ్లు సగం మూసుకుని తీరిగ్గా నెమరు మొదలెట్టింది. మావయ్యగారు తువాలు తీసి మొహమంతా తుడుచుకున్నారు. మార్తమ్మ గారు పాక రాటకి ఆనుకుని కళ్లు మూసుకున్నారు. నా గుండెల మీదనుంచి ఎవరో తిరగలి దింపినట్టయింది. మా అత్తగారు మాత్రం, "మా అత్తగారి నాటి పులుపంతా తాగేసిందమ్మా మహాతల్లి, రేపు పొద్దున్న ఈయనకేం పెట్టను" అన్నారు. అంతటితో అందరికీ ఒక్కసారిగా నవ్వొచ్చింది. ఏడుస్తూ నవ్వాం.

తర్వాత ఆ మూసిన గడ్డిని ఏం చేయాలన్నది ఇంట్లో పెద్ద పేచీ. తీసి తగలెయ్యమన్నవాళ్లున్నారు. మొదట్నించీ వద్దన్న మా అత్తగారే ఈసారి అడ్డం పడ్డారు. "తప్పు గోలెంలో జరిగింది గాని గడ్డిలో జరగలేదు. చేతులారా చల్లాను, ఎలా ఉందో నాకు తెలుసు. విప్పే రోజు విప్పండి" అన్నారు. విప్పిన రోజు ఊరు సగం వచ్చింది. ఘాటుకి అందరూ దూరం జరిగారు. బెల్లంరంగు తిరిగి, పుల్లలన్నీ చేతిలో నలిగేంత మెత్తగా ఉంది గడ్డి. పరిచి ఘాటు ఆరనిచ్చి ఒక గుప్పెడు కాటుక ముందు పెట్టాను. వాసన చూసి మొహం తిప్పేసుకుంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మామూలు గడ్డిలో కలిపి పెట్టమన్నారు డాక్టరు గారు. మొదటిరోజు ఏరుకుని తింది. రెండోరోజు ఏరడం మానేసింది. ఆ తర్వాత మేత గాడిలో పరక మిగిల్చేది కాదు. డొక్కలు పూడాయి, ఒంటికి మళ్లీ నిగారింపు వచ్చింది. చెంబు పట్టుకుని కూర్చునే నేను తపేలా పట్టుకోవాల్సి వచ్చింది. పెయ్యకి కడుపునిండా వదిలినా ఇంటికి మిగిలేవి.

ఇప్పుడు మా చేలల్లో కోతమిషను వెళ్లాక గడ్డి ముక్కలై పడి ఉంటుంది. కొందరు మిషనుతో చుట్టలు కట్టించి లారీలకెత్తుతారు, కొందరు నిప్పు పెట్టేస్తారు. ఆ పొగ చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. మా వీధంతటికీ ఇప్పుడు పాడి ఆ కుర్రజంటదే. మేమూ పాకెట్టు పాలే కాస్తున్నాం. అలాగని ఆ రోజులే మంచివని నేననను. గొడ్డుకి మేత ఎక్కడినుంచి తేవాలా అన్న బెంగ తెలిసినవాళ్లెవరూ అనరు. ఫోను చేస్తే డాక్టరమ్మ బండి వేసుకుని వస్తోంది, అది మేలు కాదూ. ఇంకో మేలు కూడా ఉంది. మా కోడలు ఇంట్లో ఏది కొనాలన్నా, ఏది తీసేయాలన్నా పెద్దగొంతుతో చెబుతుంది. నాకు నచ్చనివీ చెబుతుంది. చుట్టాలు ముక్కున వేలేసుకుంటారు గాని, నాకు మాత్రం ఆ గొంతు వింటే ఒళ్లు తేలికవుతుంది.

ఆ ఏడు ఏరువాక ముందు బేరగాడు అన్న మాట ప్రకారం వచ్చాడు. వాకిట్లో నిలబడి, పాకలోకి చూసి, "ఇదేంటండీ, అదే గేదా? ఇదైతే సంతదాకా ఎందుకు, నేనే తోలుకుపోతాను" అన్నాడు. మావయ్యగారు ఏదో చెప్పబోయారు. అరుగు మీద బియ్యంలో రాళ్లు ఏరుతున్న మా అత్తగారు తలెత్తకుండానే, "ఆయన్నడుగుతావేంటయ్యా. అది మా కోడలి అరణం. అమ్ముతుందో లేదో దాన్నడుగు" అన్నారు. వాకిట్లో అందరూ నావంక తిరిగారు. మా ఆయన కూడా. నేను పాల తపేలా పట్టుకుని పాక గుమ్మంలో ఉన్నాను. తలూపితే చాలదని మాత్రం తెలుస్తోంది.

"అమ్మనండి" అన్నాను.

నాకే వింతగా ఉంది, ఆ గొంతు వీధిదాకా వినబడింది.